జవాబు ఈల

ఆదివారం సాయంత్రం మాదాపూర్ చౌరస్తాలో 'ఎదురుమాట' బృందం పిల్లలు వేసిన వీధి నాటకం కొట్లాటతో ముగిసింది. చివరి డప్పు దెబ్బ గాలిలో ఉండగానే జనంలోంచి నలుగురు కుర్రాళ్లు, అక్కడే నిలబడి చూస్తున్న ఓదెలు మేస్త్రీ మీద పడి చొక్కా చించారు, నుదురు పగలగొట్టారు. నాటకంలో మేస్త్రీకి పేరు లేదు. పేరు అక్కర్లేదు కూడా. రెండేళ్ల కిందట గాజు మేడల దాకా కొత్త రోడ్డు వేయడానికి గుట్ట పేల్చినప్పుడు, ఎల్లయ్య అనే రాళ్లు కొట్టే మనిషి బండ కింద నలిగి పోయాడనీ, ఆ రోజు వత్తి అంటించింది ఓదెలనీ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. కిందపడ్డ ఓదెలు లేచి, మొహం తుడుచుకుని, ఆ నాటకం రాసిన రోహిణి వంక చూసి ఒక్క మాట అన్నాడు: "రేపు మీ షెడ్డుకొస్త."

అన్నట్టే వచ్చాడు.

కొండాపూర్ వెనక, ఒకప్పుడు కోళ్లు పెంచిన రేకుల షెడ్డు అది. పద్నాలుగు నెలల కిందట రాజరాజేశ్వరి దాన్ని కిరాయికి తీసుకుంది. కాకినాడ మనిషి, ప్రభుత్వ కాలేజీలో సైకాలజీ చెబుతుంది, ఉండేది మియాపూర్‌లో. బస్తీల పిల్లలనూ కొత్త అపార్టుమెంట్ల పిల్లలనూ కలిపి కూర్చోబెట్టి, వాళ్ల బతుకుల్లో జరిగినవాటినే నాటకాలుగా కట్టించి, వీధుల్లో ఆడించి, ఆడిన చోటే అధికారులను నిలదీయడం నేర్పుతోంది. నీళ్ల ట్యాంకర్ రాని వీధిలో నాటకం వేస్తే మూడో రోజుకు ట్యాంకర్ వచ్చింది. అప్పటినుంచి పిల్లలకు తమ గొంతు మీద గురి కుదిరింది. గురి కుదిరిన గొంతు ఎవరి మీదికి తిరుగుతుందో ఆమె అంతగా ఆలోచించలేదు.

వేడి కుమ్మరిస్తోంది మే నెల. నాలుగు దాటినా రేకులు చిటపటమంటూనే ఉన్నాయి. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉండగా గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. రోహిణి తలెత్తకుండానే ఎవరో తెలుసుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఈ రెండేళ్లుగా ఓదెలును ద్వేషించడం ఆమెకు దుప్పటి కప్పుకోవడం లాంటిది. ఎండాకాలంలో కూడా అది లేకపోతే నిద్ర పట్టేది కాదు.

"నాటకం మస్తుంది మేడం," అన్నాడు ఓదెలు లోపలికి వస్తూ. నుదుటి మీద గాయానికి పసుపు అద్దుకున్నాడు. చొక్కా వేరేది, ఇస్త్రీది. "నేను సుత జనంల నిలవడి చూసిన. ఆ మేస్త్రీగాడిని చూస్తె నాకే ఉమ్మెయ్యాలనిపించింది."

వెనక ఎవడో కిసుక్కుమని, వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు.

"నిన్న జరిగింది తప్పేనండి," అంది రాజరాజేశ్వరి లేచి. "కొట్టినవాళ్లు మా పిల్లలు కారు. అయినా నేను క్షమాపణ..."

"చేతులు మీవి గావు. నోరు మీదే."

సాయిచంద్ లేచి నిలబడ్డాడు. చనిపోయిన ఎల్లయ్య కొడుకు అతను. నాటకంలో మేస్త్రీ వేషం కావాలని అడిగి మరీ తీసుకున్నాడు. ఆ కోరికను మంచి లక్షణంగా లెక్కగట్టింది మేడం. శత్రువు లోపలికి వెళ్లి చూస్తున్నాడనుకుంది. ఏడాదిగా పక్కన నిలబడి చూస్తున్న రోహిణికి మాత్రం తెలుసు, అతను చూస్తున్నది గొంతు ఎక్కడ దొరుకుతుందా అని.

"బయటికి నడువ్," అన్నాడు సాయిచంద్. "నిన్న నీకు సగమే పడ్డయి."

"మిగిలిన సగం కొడుదువు గాని తియ్యి. మీ నాయినా నేనూ ఒక్క బీడి పంచుకొని తాగినోళ్లం."

"మా నాయిన పేరెత్తకు."

"నువ్వు ఎత్తుతలేవా? వారానికి రెండు దిక్కుల ఎత్తుతున్నవ్, డప్పు కొట్టి మరీ."

సాయిచంద్ రెండడుగులు వేశాడు. ప్రవీణ అడ్డం వచ్చింది. తెల్లటి పిల్ల, కోపం వస్తే చెవులు ముందు ఎర్రబడతాయి. ఎల్లయ్య భార్య వేషం ఆమెదే.

"తప్పు చేసినవాళ్లు సినిమా డైలాగులు చెబుతుంటే వినాలాండీ మేము?" అంది.

"నీదే ఊరమ్మా?"

"భీమవరం. ఇప్పుడు మియాపూర్."

"మా గుట్ట ఎప్పుడన్న చూసినవా?"

"కథ తెలుసు."

"ఆఁ. కథ తెలుసు." ఓదెలు తల ఊపాడు. "అందరికీ కథ తెలుసు. రెండేండ్ల సంది నన్నెవ్వడూ పనికి పిలుస్తలేడు, వానికి సుత తెలుసు. మా గల్లీల పోరగాండ్లకు సుత తెలుసు. నన్ను చూస్తె 'అంటించినవా?' అంటరు."

అలా అని, షెడ్డు మధ్యకు నడిచి, ఎవరూ ఊహించని పని చేశాడు. మూడుసార్లు చప్పట్లు కొట్టి, "ఆగు" అన్నాడు.

పిల్లలంతా రాజరాజేశ్వరి వైపు చూశారు. అది ఆమె పెట్టిన పద్ధతే. నాటకం ఎక్కడ వేసినా, చూసేవాళ్లలో ఎవరైనా సరే మూడు చప్పట్లు కొట్టి 'ఆగు' అంటే నటులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. ఆపిన మనిషి లోపలికి వచ్చి, తనకు నచ్చిన పాత్ర తీసుకుని, అసలెలా జరిగిందో చేసి చూపించవచ్చు. ఎంత పెద్దవాడైనా, ఎంత చిన్నవాడైనా ఈ హక్కు కాదనకూడదు. ఆ మాట ప్రతి నాటకం ముందూ ఆమె స్వయంగా ప్రకటించేది, అదంటే ఆమెకు చెప్పలేనంత గర్వం. ఎప్పుడూ ఎవరో కాలేజీ పిల్లలే ఆపేవాళ్లు. ఆపి, తమతో ఏకీభవించేవాళ్లు.

"ఇది రిహార్సల్ అండి," అంది ఆమె. "జనం లేరు."

"నేను జనం గానా?"

ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. "ఏ పాత్ర కావాలి మీకు?" అంది.

"నాదే. ఇంకెవరిది ఇస్తరు?"

నాటకంలో పట్టు అంతా ఆ మందు పేల్చే సీనులోనే ఉంది. గుట్టకు పడమట వైపు మేస్త్రీ వత్తి దగ్గర ఉంటాడు. తూర్పు వైపు, ఊళ్లోంచి కాలిబాట వచ్చే చోట, ఎర్రగుడ్డ పట్టుకుని కాపలా మనిషి ఉంటాడు. పేల్చే ముందు మేస్త్రీ నోట్లో రెండు వేళ్లు పెట్టి మూడు ఈలలు వేస్తాడు. అవి విన్న కాపలా మనిషి తన వైపు ఎవరూ లేరని తిరిగి చూసుకుని, ఉంటే పంపించి, అప్పుడు మూడు ఈలలు తిరిగి వేయాలి. అది జవాబు ఈల. జవాబు రాకుండా వత్తి అంటించకూడదు. రోహిణి రాసిన నాటకంలో మేస్త్రీ జవాబు కోసం ఆగడు. పని ఆలస్యమవుతోందని అగ్గిపుల్ల గీస్తాడు. ఆ రోజు తూర్పు వైపు కాపలా ఉన్నది ఆమె తండ్రి ఐలయ్య. "నేను జవాబియ్యలే, వాడు ఆగలే" అని పోలీసులకు చెప్పింది ఆయనే.

"అటు దిక్కు ఐలయ్య కావాలె," అన్నాడు ఓదెలు.

"నేను చేస్తాను," అంది ప్రవీణ.

"నువ్వొద్దమ్మా. ఐలయ్య బిడ్డ ఉన్నది కద."

రోహిణి లేచింది. ఎర్ర చున్నీ తీసుకుని తూర్పు మూలకు నడిచింది. ఆ రోజు గురించి ఆమె జ్ఞాపకం విచిత్రమైనది. మధ్యాహ్నం ఎండలో తండ్రి వీపు, కిందికి దిగిపోతూ. అక్కడితో తెగిపోయేది. మళ్లీ మొదలయ్యేది ఇంట్లో, తండ్రి ఆమె రెండు భుజాలూ పట్టుకుని, "నువ్వియ్యాల గుట్టకే రాలే, సమజైందా?" అంటున్నప్పటి నుంచి. మధ్యలో ఉన్న భాగాన్ని ఆమె మరిచిపోలేదు. దాన్ని ఒక గదిలా మూసి, తలుపు ముందు ఓదెలును కూర్చోబెట్టింది. అటు చూసినప్పుడల్లా ఓదెలే కనిపించేవాడు.

ఓదెలు పడమటి మూలలో గొంతుక్కూర్చున్నాడు. నోట్లో రెండు వేళ్లు పెట్టి మూడు ఈలలు వేశాడు. రేకుల షెడ్డు గింగురుమంది.

తర్వాత ఊరుకున్నాడు.

నాటకంలో ఇక్కడ సాయిచంద్ అయిదు లెక్కపెట్టి అగ్గిపుల్ల గీసేవాడు. ఓదెలు గీయలేదు. చేతిలో లేని అగ్గిపెట్టెను పట్టుకుని, మెడ కొంచెం పక్కకు వంచి, వింటున్నాడు. అది నటన కాదు. నటించేవాడు చూసేవాళ్ల కోసం వింటాడు. ఇతను నిజంగానే వింటున్నాడు. ఒక నిమిషం గడిచింది. ఎవరో కాలు మార్చుకున్నారు. రెండో నిమిషం కూడా గడిచింది.

"ఏందిది?" అన్నాడు సాయిచంద్. "ఎంతసేపు?"

"వచ్చేదాంక," అన్నాడు ఓదెలు కదలకుండా. మళ్లీ మూడు ఈలలు వేశాడు. మళ్లీ ఊరుకున్నాడు.

రోహిణి చున్నీ గట్టిగా పట్టుకుంది. ఆ నిశ్శబ్దం గుండ్రంగా తన చుట్టూ చేరుతున్నట్టుంది. ఎవరైనా పిలిస్తే బదులు పలకకుండా ఉండలేని స్వభావం ఆమెది. చిన్నప్పుడు వేరే ఇంటి తల్లి తన బిడ్డను కేకేసినా ఈమె "ఆఁ" అనేది. ఇప్పుడు నలభై అడుగుల దూరంలో ఒక మనిషి పిలిచి, చెవి ఒగ్గి, తను పలికితే తప్ప కదలనన్నట్టు కూర్చున్నాడు. తనేం చేయకూడదో ఆమెకు తెలుసు. తెలిసిన కొద్దీ చేయి బరువెక్కింది, ఆ బరువే చేతిని పైకి లేపింది. వేళ్లు పెదవుల మధ్యకు పోయాయి. మూడు ఈలలు వచ్చాయి. మొదటి రెండూ తిన్నగా, మూడోది కొసలో పైకి లేస్తూ.

ఓదెలు కళ్లు మూసుకున్నాడు.

"గిదే," అన్నాడు.

"ఏంది గిదే?" సాయిచంద్ గొంతు పెంచాడు.

"ఐలయ్య ఈల నాకు తెలుసు బిడ్డా. పదేండ్లు విన్న. మూడోది కిందికి జారతది, వాని పన్ను ఒకటి లేదు. ఆ దినం నాకొచ్చిన జవాబుల మూడోది పైకి లేచింది. ఐలయ్యకు ఇయ్యాల ఊపు ఎక్కువున్నదనుకొని అంటించిన. పోలీసులకు చెప్తె నవ్విండ్రు. ఈలకు సాక్ష్యమేందిరా అన్నరు." లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. "నిన్న మీ నాటకం మొదలువెట్టేటప్పుడు జనాన్ని పిలిచేటందుకు గీ పిల్ల ఈలేసింది. రెండేండ్ల తర్వాత మళ్ల విన్న. తన్నులు తినుకుంట సుత గదే యాది చేసుకున్న."

"ఈలలు అందరూ వేస్తారు," అంది ప్రవీణ. కానీ ఆమె చూస్తున్నది రోహిణిని.

"ఎయ్యమనుండ్రి. మూడోది పైకి లేపమనుండ్రి."

ఎవరూ నోట్లో వేళ్లు పెట్టుకోలేదు.

రాజరాజేశ్వరి గబగబా మధ్యకు వచ్చింది. "చూడండి, ఇలాంటి ఒత్తిడిలో మనిషి చేసే పనికి అర్థాలు తీయడం పద్ధతి కాదు. రోహిణీ, నువ్వేమీ చెప్పక్కర్లేదు నాన్నా. ఇవాళ్టికి ఆపేద్దాం."

"ఓదెలు చెప్పేటప్పుడు పద్ధతి గుర్తుకొచ్చిందా మేడం?" అన్నాడు సాయిచంద్. ఆమెతో ఎన్నడూ అలా మాట్లాడలేదు అతను. "వాన్ని ఏడాది సంది తిట్టిస్తున్నరు నాతోని. అప్పుడు ఒత్తిడి లేదా?" అతను ఆగకుండా తిరిగి, "రోహిణీ, ఆ దినం ఊదింది నువ్వేనా?" అన్నాడు.

కాదనవచ్చు. కాదంటే సగం మంది నమ్ముతారు. తండ్రి రెండేళ్లుగా కాస్తున్న అబద్ధం ఇంకొన్నాళ్లు నిలబడుతుంది. ఓదెలు మళ్లీ ఇస్త్రీ చొక్కాతో, 'అంటించినవా?' అనే గల్లీలోకి నడిచి వెళతాడు.

"నేనే," అంది రోహిణి.

ఆమె చెప్పుకుపోయింది. తొందరగా, నేల వంక చూస్తూ. ఆ రోజు తను గుట్టకు పోయింది. కల్లు దుకాణం దాకా పోయొస్తా, జర గీ గుడ్డ పట్టుకో, నేనొచ్చేదాంక ఈలకు పలకకు అని చెప్పి నాయిన దిగిపోయాడు. అవతలి నుంచి ఈలలు వచ్చాయి. మళ్లీ వచ్చాయి. నాయిన రాలేదు. తను వేసేసింది. నాయిన తనను కాపాడటానికే ఓదెలు మీద చెప్పాడు.

"మామ అక్కడున్నడని నాకు తెల్వదు," అంది. "ఎల్లయ్య మామను ఆ దినం నేను చూడనే లేదు. ఒట్టు."

ఆ చివరి మాట చాలా తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే భయం వేసింది. దోషం ఒప్పుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. ఇంత పెద్దది ఇచ్చేసిన మనిషి దగ్గర ఇంకా ఏదైనా మిగిలి ఉంటుందని ఎవరూ అనుమానించరు. ప్రవీణ అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది. మేడం మొహంలోకి ఆ జాలి, ఆ చదువుకున్న జాలి, వచ్చేస్తోంది.

"పదహారేళ్ల పిల్ల," అంది రాజరాజేశ్వరి మెల్లగా. "చిన్నపిల్ల చేతికి ఆ గుడ్డ ఇవ్వడమే..."

"నాకు పదిహేడు అప్పుడు," అన్నాడు సాయిచంద్. "నేను చిన్నపిల్లగాన్ని అని ఎవ్వలనలే. దవాఖానకు నన్నే తీస్కపోయిండ్రు గుర్తువట్టనీకె."

ఓదెలు చెప్పుల దగ్గరికి పోయినవాడు అక్కడే ఆగిపోయాడు. గెలిచిన మనిషిలా లేడు. "ఆదివారం నాటకంల గిది చెయ్యుండ్రి," అన్నాడు మొరటుగా. "చౌరస్తాల. నన్ను కొట్టిన కాడ." గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

సాయిచంద్ అతని వంక చూడలేదు. తూర్పు మూలకు నడిచాడు. రోహిణికి మూడడుగుల దూరంలో, ఆమెకు వీపు పెట్టి, కింద కూర్చున్నాడు. ఒక కాలు చాపాడు, ఒకటి మడిచాడు. ఎడమ చేతిలో ఉలి ఉన్నట్టు, కుడి చేతిలో సుత్తె ఉన్నట్టు పట్టుకున్నాడు.

"మొదటి నుంచి చెయ్యి," అన్నాడు. "నేను మా నాయిన."

"సాయీ, వద్దు," అంది మేడం.

"మీరు కూసోండి."

సుత్తె లేస్తోంది, పడుతోంది. చప్పుడు లేదు. ముప్పై ఏళ్ల దెబ్బలకు ఎల్లయ్య చెవులు మొద్దుబారిపోయాయి. దూరపు ఈలలు ఆయనకు వినపడేవి కావు. కాపలా మనిషి దగ్గరికి పోయి భుజం తట్టి లేపాలి. గుట్ట మీద అందరికీ తెలిసిన సంగతే. రోహిణి ఎదురుగా ఇప్పుడు ఆ భుజం ఉంది. చొక్కా మీద చెమట మరక, మెడ దగ్గర ఎముక, అంతా ఆయనదే. కొడుకుకు తండ్రి వీపు ఎలా వచ్చిందో.

సుత్తె ఆగింది. తల తిప్పకుండా, గట్టిగా, చెవిటివాళ్లు మాట్లాడే గొంతుతో సాయిచంద్ అడిగాడు:

"ఏం బిడ్డా, ఇయ్యాల బడి లేదా?"

అచ్చంగా రోహిణి ఆ రోజు విన్న మాటే. అతనికెలా తెలుసు? తెలియదు. ఎల్లయ్య గల్లీలో కనిపించిన ప్రతి పిల్లనూ అడిగే మాట అది. కొడుకు ఊరికే అన్నాడు, పాత్రలోకి పోవడానికి అన్నాడు. దీనికి వంద జవాబులున్నాయి. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఏడాదిగా ఆమె చేసిన పని అదే. కల్పించి చెబితే ఈ ఆట ఇక్కడ ముగుస్తుంది. అందరూ ఏడుస్తారు, మేడం దగ్గరికి తీసుకుంటుంది, సాయిచంద్ కూడా ఏదో ఒక రోజు మెత్తబడతాడు. మనిషి ఉన్నాడని తెలియక చేసిన పిల్లను ఎంతకాలం ద్వేషిస్తాడు?

కానీ ఆ వీపు ఆమె జవాబు కోసం ఆగి ఉంది. రోహిణి ఆ రోజు తను అన్న మాటే అంది.

"లేదు మామా. కాలికి గా నీలం గుడ్డ ఎందుకు కట్టినవ్? దెబ్బ తాకిందా?"

సాయిచంద్ చాపిన కాలు మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు. చేతుల్లో ఉలీ సుత్తే ఇంకా అలాగే ఉన్నాయి. అతను తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగాక కూడా అతని మొహంలో కోపం లేదు. అంతకుముందున్న కోపం కూడా లేదు.

"పొద్దుగాల పనికి పొయ్యేటప్పుడు గడపకు తన్నుకున్నడు," అన్నాడు. "నా నీలం చొక్కా చింపి నేను కట్టిన. ఇంట్లకెల్లి సక్కగ గుట్టకే పోయిండు."

లేచి నిలబడి, ఆమె కళ్లలోకి చూశాడు.

"చూసినవ్. మాట్లాడినవ్. భుజం తట్టలే. ఎందుకు తట్టలే రోహిణీ?"